రంగు వదలని ఊదా

కిందటి వారం మాస్టరమ్మను షెడ్డు గుమ్మంలో వదిలి వచ్చాం. ఆసుపత్రి నుంచి నేరుగా పనికొచ్చి, రబ్బరు బూట్లు తొడుక్కుని, చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడుచుకుని లోపలికి అడుగుపెట్టేసరికి పెద్ద తొట్టి దగ్గర ఒక్కరూ లేరు. నీళ్లు మాత్రం వేడెక్కి సన్నగా పొగలు కక్కుతున్నాయి. పనివాళ్లంతా అవతలి గోడకు బల్లుల్లా అతుక్కుని నిలబడ్డారు.

కథలోకి ఇప్పుడే వచ్చినవారికి నాలుగు ముక్కలు చెప్పాలి. ఇది గుడ్డలకు రంగు వేసే షెడ్డు. పెట్టింది అత్తగారు, పేరు తెచ్చింది కోడలు. ఆ కోడలే మన మాస్టరమ్మ. ఆమె భర్త అక్కడే బాయిలరు చూస్తాడు కాబట్టి అందరూ అతన్ని బాయిలరన్న అంటారు. మరిది బయటి బేరాలు చూస్తాడు. మాస్టరమ్మ పాదాల మీద ఊదారంగు మచ్చలు వచ్చి చాలాకాలమైంది. ఎవరూ పట్టించుకోలేదు. రంగుల షెడ్డులో ఒంటి మీద మచ్చ చూసి కంగారుపడేదెవరు? అక్కడ మరక లేనివాణ్ణే పనిదొంగ అని అనుమానిస్తారు. ఈ షెడ్డుకు పెద్ద పేరు తెచ్చింది కూడా ఊదారంగే కావడంతో, "మాస్టరమ్మ రంగును ఒంటికి కూడా పట్టించేసుకుంది" అని నవ్వుకున్నారు. ఆమె కూడా నవ్వింది.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "బూటులో ఉండే కాలికి రంగెలా అంటిందమ్మా?" అని అడిగింది. తర్వాత నోరు తెరవమని, అంగిట్లో దీపం వేసి చూసి, "రంగు నోట్లో కూడా పోసుకుంటారా?" అంది. అక్కడా అదే ఊదా మచ్చ. రక్తం పరీక్షలో హెచ్ఐవీ ఉందని మొన్నే తేలింది, మందులూ మొదలయ్యాయి. మచ్చలోంచి చిన్న ముక్క తీసి చూస్తే కపోసి సార్కోమా అని ఇవాళ తేలింది. రక్తనాళాల గోడల్లో పుట్టే ఒక రకం క్యాన్సరు అది. ఒంట్లో కాపలా బలహీనపడ్డప్పుడు తలెత్తుతుంది. "మందులు మానకుండా వేసుకుంటే కాపలా తిరిగొస్తుంది. చాలామందికి మచ్చలు కూడా తగ్గుతాయి. కానీ లోపల ఎక్కడైనా ఉందేమో చూడాలి. రేపే ఊపిరితిత్తుల ఫొటో తీయాలి. దగ్గేమైనా ఉందా?" అని డాక్టరమ్మ అడిగింది. "ఆవిరి దగ్గండి. మా పనిలో అందరికీ ఉండేదే" అంది మాస్టరమ్మ. గుమ్మం బయట నిలబడిన మరిది చెవిలో దగ్గు మాట పడలేదు, హెచ్ఐవీ మాట పడింది. ఆమె కంటే ముందు ఆ మాట షెడ్డుకు చేరింది.

మొదట నోరు విప్పింది మరిదే. మనిషి చెడ్డవాడు కాదు, పిరికివాడు. పిరికివాడు చేసే చెడు పైకి మంచితనంలా కనిపిస్తుంది, అదే దానితో చిక్కు.

"వదినా, నువ్వు ఇంటికెళ్లి పడుకో. ఇక్కడ మేం చూసుకుంటాం."

"ఏం చూసుకుంటావు? ఎండలో నిలబెడితే నీలానికీ ఊదాకీ తేడా తెలీనివాడివి. నాటకశాల తెరకి ఇంకా నాలుగు తానులున్నాయి. సగం నా చెయ్యి, సగం నీ చెయ్యి పడితే జనం నాటకం చూడరు, అతుకు చూస్తారు."

"నవ్వులాట కాదు వదినా. వీళ్లు ఇక ఆ తొట్టిలో చెయ్యి పెట్టం అంటున్నారు."

"వీళ్లంటున్నారా, నువ్వంటున్నావా?"

గోడ దగ్గర్నుంచి ఒక గొంతు వినిపించింది. తడి తానులను పైతీగల మీదికి ఎక్కించే పొడుగాటి మనిషి, అతన్ని నిచ్చెన అంటారు. "తప్పుగా అనుకోకు మాస్టరమ్మా. పిల్లలు గలవాణ్ణి. నీళ్లలోంచి వస్తుందేమోనని..." అని ఆగిపోయాడు.

మాస్టరమ్మకు ఆ క్షణాన వెనక్కి తిరిగి వెళ్లిపోవాలనిపించింది. అయినా ఆమెకు తల వంచుకోవడం అలవాటు లేదు, నేర్చుకునే వయసూ దాటిపోయింది.

"రాదు. నీళ్లలోంచి రాదు, గుడ్డలోంచి రాదు, ఒకే గ్లాసులో తాగితే రాదు, ఒకే తొట్టిలో చెయ్యి పెడితే రాదు. రక్తం నుంచి వస్తుంది. మొగుడూ పెళ్లాల మధ్య వస్తుంది. తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. ఇంకేమైనా అడగాలా? అడుగు, సిగ్గుపడకు. నేను పడట్లేదు."

అంతలో బాయిలరు వెనకనుంచి మసి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బాయిలరన్న వచ్చాడు. వారానికి పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి.

"నాక్కూడా ఉంది. నిన్ననే తేలింది" అన్నాడు. "ఎవరి నుంచి ఎవరికొచ్చిందని మీకందరికీ నాలుక దురదగా ఉంటుంది. మేమిద్దరం ఒకరినొకరు అడగలేదు. అడగం కూడా. పొద్దున్నే ఇద్దరం మాత్ర వేసుకున్నాం." అంతే, తిరిగి బాయిలరు దగ్గరికి వెళ్లిపోయాడు. వెనక్కి కూడా చూడలేదు. మాస్టరమ్మ అతని వీపు వైపు చూస్తూ నిలబడింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఆమె కోసం ఇంత పొడుగు ప్రసంగం ఎప్పుడూ చేయలేదు.

సరిగ్గా అప్పుడు అత్తగారు వచ్చింది.

అత్తలేని కోడలుత్తమురాలు, కోడలులేని అత్త గుణవంతురాలు అని ఊరికే అనలేదు. వీళ్లిద్దరూ ఒకే షెడ్డులో ఉప్పూ నిప్పూలా కాలం గడిపినవాళ్లు. కోడలు ఎంత మంచి రంగు తీసినా అత్త నోట "పర్లేదు" అనే మాట తప్ప ఇంకోటి రాలేదు. పైగా ఆవిడకు పనిలో ఒక మొండి నియమం ఉంది. గుడ్డ తాను తొట్టిలో మునిగాక రంగు పూర్తిగా పట్టేదాకా మంట ఆపకూడదు. ఆపితే షేడు విరుగుతుంది, తాను చెడుతుంది. మామగారు పోయిన కబురు వచ్చిన రోజున కూడా ఆవిడ తానును తొట్టిలోంచి ఎత్తించి, ఆ తర్వాతే కూలబడి ఏడ్చింది. అలాంటి మనిషి ఇప్పుడు ఏమంటుందోనని గోడ దగ్గరివాళ్లంతా ఊపిరి బిగబట్టారు. షెడ్డు ఆవిడది, ఆఖరి మాట ఆవిడది.

"స్టూలు తెండి" అంది అత్తగారు. నిచ్చెన పరుగున స్టూలు తెచ్చి వేశాడు. కూర్చుంది. "కాలు ఇటివ్వు" అంది కోడలితో.

"వద్దత్తయ్యా. అందరూ చూస్తున్నారు."

"చూడాలనే కదా అడుగుతున్నాను. ఇవ్వు."

ముసలి చేతులతో తనే బూటు లాగింది. కోడలి పాదాన్ని ఒళ్లో పెట్టుకుంది. మడమ పైన, వేళ్ల సందుల్లో, పాదం మీద కొంచెం ఉబ్బెత్తుగా మచ్చలు ఉన్నాయి. కొన్ని పప్పుగింజంత, కొన్ని బొటనవేలి గోరంత. తాము అంత కష్టపడి తెచ్చే ఊదాకు తోబుట్టువులా ఉన్నాయవి. అత్తగారు వాటి మీద వేలితో మెల్లగా రాసింది.

"దీన్ని నేను తోమాను" అంది. ఎవరితో అంటోందో తెలీలేదు. "రంగు తీసే పొడి వేసి గరుకు రాయితో తోమాను. మంట పుడుతోంది అత్తయ్యా అంటే, మహారాణీ, సుకుమారం ఎక్కువైందే అని ఎగతాళి చేశాను. పుట్టిందీ పెరిగిందీ రంగుల్లోనే, మరకకీ జబ్బుకీ తేడా నాకే తెలీలేదు. మీకెలా తెలుస్తుందిరా?" అప్పుడు తల ఎత్తి గోడ వైపు చూసింది. "తెలీకపోతే తప్పు లేదు, అడగండి. నిచ్చెన అడిగాడు, వాడు మగాడు. మిగతావాళ్లు అడక్కుండా గోడకి అతుక్కుపోతే ఉన్న సున్నం కాస్తా రాలిపోతుంది."

ఎవరో కిసుక్కుమని నవ్వి నోరు మూసుకున్నారు.

"ఇంకో మాట కూడా వినండి. ఈ షెడ్డు పెట్టింది నేను. కానీ ఈ ఊదా నాది కాదు. ఎన్ని తొట్లు మరిగించినా నాకది పట్టుబడలేదు. అయితే మొద్దు నీలం, లేకపోతే బీటు ముక్క రంగు. దీనికి పట్టుబడింది. ఇలాంటి చెయ్యి నేను ఇంకోటి చూడలేదు. చెబితే నెత్తికెక్కుతుందని ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను, ఎక్కితే ఎక్కనీ."

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు పొడిగా ఉన్న కళ్లు ఇప్పుడు మాట వినలేదు. మాస్టరమ్మ మోచేత్తో ముఖం తుడుచుకుంది. ఏదో ఒకటి అనకపోతే బావురుమనేలా ఉంది.

"పర్లేదత్తయ్యా. బాగానే మాట్లాడారు" అంది.

"చూశారా, అప్పుడే ఎక్కేసింది" అంది అత్తగారు. ఈసారి షెడ్డంతా నవ్వింది.

నిచ్చెన ముందుగా గోడ వదిలాడు. తొట్టి పక్కన ఆనించిన కర్ర తీసుకుని, నీళ్లు కలిపి, చేతివేలితో వేడి చూశాడు. అతని వెనక మిగిలినవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఒకావిడ మాత్రం సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు, తిట్టనూ లేదు. భయం తీరితే రేపో ఎల్లుండో వస్తుంది, లేకపోతే లేదు. లోకమంతా ఒక్క పూటలో మారిపోయిందని రాస్తే మీరు మాత్రం నమ్ముతారా?

మొదటి తానును తొట్టిలోకి దించబోతుండగా నాటకశాల మేనేజరమ్మ వచ్చింది. కళ్లద్దాలు ముక్కు చివర, చేతిలో గొడుగు, మొహంలో విసుగు. మరిది ఆవిణ్ణి చూడగానే గుమ్మడికాయ దొంగ అన్నట్టు భుజాలు తడుముకున్నాడు.

"పొద్దున ఫోన్ చేసింది మీరేనా? ఈ తెర సంగతి వదిలేసి ఇంకెక్కడైనా చూసుకోమన్నారు. ఎందుకంటే నసిగారు. నసిగేవాళ్లంటే నాకు పడదు. అందుకే నేనే వచ్చాను."

మరిది నోరు తెరిచేలోగా మాస్టరమ్మ ముందుకొచ్చింది. ఒక కాలికి బూటుంది, ఇంకో కాలికి లేదు. "నాకు హెచ్ఐవీ ఉందండి. దానివల్ల ఒంటి మీద ఈ మచ్చలొచ్చాయి. ఆ సంగతి తెలిస్తే మీరు తెర వద్దంటారని మా మరిది భయపడ్డాడు. మీరు వద్దనేముందు తనే వద్దనేశాడు."

మేనేజరమ్మ కాసేపు ఆ పాదం వైపే చూసింది. మొహంలో భయాన్ని దాచుకోలేదు. "నాకు ఇలాంటివి పెద్దగా తెలీవు. మా నటులు తెర పట్టుకుని ఏడుస్తారు. కొందరు ముక్కు కూడా తుడుచుకుంటారు, ఎంత చెప్పినా వినరు. వాళ్లకేమైనా..."

"వాళ్ల ముక్కు వల్ల నా తెరకి ప్రమాదం గానీ, నా తెర వల్ల వాళ్లకి ప్రమాదం లేదండి" అంది మాస్టరమ్మ. "గుడ్డ నుంచి రాదు. నమ్మకం లేకపోతే ఏ డాక్టర్నైనా అడగండి, నేను ఏమీ అనుకోను. కానీ రంగు మీద మాత్రం వంక పెట్టకండి. దానికి మా దగ్గర పరీక్ష ఉంది. మీరే చేయండి."

ఆరిన తానుల దొంతర చూపించింది. బల్ల మీద నుంచి తెల్లగుడ్డ ముక్క తీసి, నీళ్లలో ముంచి పిండి, మేనేజరమ్మ చేతిలో పెట్టింది. రంగుల పనిలో ఇది పాత పద్ధతి. తడి తెల్లగుడ్డతో రుద్దినప్పుడు రంగు అంటితే ఆ తాను పనికిరాదు. అంటకపోతే మాట్లాడాల్సిన పనిలేదు.

మేనేజరమ్మ రుద్దింది. గుడ్డ తెల్లగానే ఉంది. నమ్మకం కుదరనట్టు కళ్లద్దాలు పైకి తోసుకుని, గొడుగు చంకలో ఇరికించుకుని, ఈసారి అంట్లు తోమినంత గట్టిగా రుద్దింది. గుడ్డ అలాగే తెల్లగా ఉంది.

"మా పాత తెర ఒకసారి రంగు వదిలింది" అంది నెమ్మదిగా. "పెళ్లికూతురి వేషంలో ఉన్న అమ్మాయి దానికి ఆనుకుంది. మంటపంలోకి సగం నీలంగా వచ్చింది. కరుణరసం కాస్తా హాస్యమైపోయింది." తెల్లగుడ్డను బల్ల మీద పెట్టి మరిది వైపు తిరిగింది. "డాక్టర్ని అడుగుతాను, అడగకుండా ఉండను. కానీ మిగతా నాలుగు తానులూ ఈవిడ చెయ్యే వేయాలి. చెయ్యి మారితే నేను తీసుకోను. ఇంకోసారి నాకు ఫోన్ చేసి నసగకండి."

మరిది పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. అటు తల్లి చూపు, ఇటు మేనేజరమ్మ చూపు. చివరికి వదిన విప్పిన బూటు తీసుకొచ్చి ఆమె కాలి దగ్గర పెట్టాడు. క్షమించమని నోటితో అడగలేదు. ఆమె కూడా నోటితో క్షమించలేదు, కాలు మాత్రం బూటులో పెట్టింది.

మొదటి తాను తొట్టిలోకి దిగింది. మాస్టరమ్మ కర్ర పట్టుకుని తొట్టి చుట్టూ తిరుగుతూ, "నెమ్మదిగా, మడత పడనీయకండి, అటు చివర లాగండి" అని కేకలు వేస్తుంటే షెడ్డుకు ప్రాణం తిరిగొచ్చింది. ఆ గంటలో ఆమె జబ్బు మనిషి కాదు. తన చేతి కింద తెల్లటి తాను మెల్లగా ఊదాగా మారుతుంటే ఆమెకు ఎప్పుడూ కలిగే గర్వమే ఇవాళ రెట్టింపుగా కలిగింది. మనసులో ఒక నిర్ణయం కూడా చేసుకుంది, ఎవరికీ చెప్పలేదు. రేపు తీయించాల్సిన ఊపిరితిత్తుల ఫొటో ఈ నాలుగు తానులూ అయ్యాక చూసుకోవచ్చు. ఇంతమంది తనకోసం నిలబడ్డాక, పని మధ్యలో వదిలి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంటుందా? దగ్గుదేముంది, ఆవిరి దగ్గు.

మచ్చను మరక అనుకున్న మనిషే మళ్లీ అదే పొరపాటు చేస్తోందని మీకూ నాకూ కనిపిస్తోంది. ఆమెకు కనిపించడం లేదు.

గొంతులో గరగర మొదలవగానే కర్రను నిచ్చెన చేతికిచ్చి షెడ్డు వెనక ఆరేసిన తానుల మధ్యకు వెళ్లింది. పైనుంచి కిందిదాకా వేలాడుతున్న ఊదా గుడ్డల చాటున వంగి దగ్గింది. జేబులోంచి నమూనా ముక్క తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. అరచేయంత ఊదా గుడ్డ, షేడు పోల్చుకోవడానికి ఎప్పుడూ దగ్గరుంచుకునేది. దగ్గు ఆగాక దాన్ని మడిచి లోపల పెట్టుకుని వెనక్కి తిరిగింది.

టీ గ్లాసు పట్టుకుని అత్తగారు నిలబడి ఉంది.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏంటత్తయ్యా?"

"ఆ దగ్గు."

"ఆవిరికి వస్తుంది కదా. మీక్కూడా వస్తుంది."

"నాకొస్తే నేను తానుల చాటుకి పోను. జేబులోది ఇటివ్వు."

"నమూనా ముక్క అత్తయ్యా. దాంతో మీకేం పని?"

"ఇవ్వమన్నాను."

ఇచ్చింది. అత్తగారు టీ గ్లాసు గట్టు మీద పెట్టి ఆ ముక్కను విప్పింది. వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పింది. ఒక చోట తడిగా ఉంది తప్ప ఇంకేమీ తేడా కనిపించలేదు. ముదురు ఊదా, ఈ షెడ్డు పరువు నిలబెట్టిన ఊదా. తన మీద ఏం పడ్డా బయటపెట్టని రంగు అది.

"చెమట" అంది కోడలు.

అత్తగారు లోపలికి వెళ్లి, మేనేజరమ్మ బల్ల మీద వదిలిన తడి తెల్లగుడ్డను తీసుకొచ్చింది. ఇందాక అంత గట్టిగా రుద్దినా చెక్కుచెదరని తెల్లగుడ్డ. ఊదా ముక్కను అరచేతిలో పరిచి, తడి ఉన్నచోట ఒక్కసారి రుద్దింది.

ఇద్దరూ ఆ గుడ్డ వైపే చూశారు.

"మన ఊదా రంగు వదలదు" అంది అత్తగారు. ఆవిడ గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది. "అందరి ముందూ ఇప్పుడే గొప్పలు చెప్పాను. మరి ఇదేంటే తల్లీ?"

తెల్లగుడ్డ మీద ఎర్రగా అంటుకుని ఉంది.

మాస్టరమ్మ ఏదో చెప్పబోయింది. దగ్గు వస్తుందేమోనన్న భయంతో మానేసింది. లోపల్నుంచి నిచ్చెన కేక వినిపించింది. "మాస్టరమ్మా! రంగు ఎక్కుతోంది, ఉప్పు వేసే వేళైంది! వస్తున్నావా?"

ఆమె కాలు అటు కదిలింది. అత్తగారు మోచెయ్యి పట్టుకుని ఆపింది. ముసలిదాని పట్టు బలంగా ఉంది.

"తాను చెడుతుంది అత్తయ్యా. ఒక్క అరగంట. ఇది దించేసి వెళ్దాం. మీరే అంటారు కదా, తొట్టిలో తాను ఉండగా..."

మొగుడు పోయిన రోజున కూడా మంట ఆపని ఆ మనిషి షెడ్డు వైపు తిరిగింది. లోపల పనిచేస్తున్న ప్రతివాళ్లూ చేతిలోది వదిలేసి చూసేంత గట్టిగా బాయిలరు దగ్గరున్న కొడుకును కేకేసింది.

"ఒరేయ్! మంట ఆర్పెయ్యరా!"